ఉగాది చందాలకు పన్ను రసీదు: వేరే సంస్థ నంబరు మీద ఇప్పించవచ్చా?

కృష్ణాతీరం_బ్రాంప్టన్
కెనడాలోని బ్రాంప్టన్‌లో నలభై రెండు తెలుగు కుటుంబాలం కలిసి ఆరేళ్ళుగా ఒక చిన్న సంఘాన్ని నడుపుకొంటున్నాము. ఈ ఏడాది ఉగాది సంబరాలకు వచ్చిన టిక్కెట్ల డబ్బులో, చందాల్లో హాలు అద్దె, భోజనాల ఖర్చు పోను 6,400 డాలర్లు మిగిలాయి. అందులో సగం ఇక్కడ లేనివారికి ఉచితంగా సరుకులు ఇచ్చే ఫుడ్ బ్యాంకుకు, సగం గుంటూరు జిల్లాలో మా సభ్యుడొకరు చదువుకున్న పాఠశాలకు ఇవ్వాలని తీర్మానించుకున్నాము. చిక్కు ఆ తరువాత వచ్చింది. తలా 500 డాలర్లు ఇచ్చిన ముగ్గురు దాతలు తమ పన్నులో తగ్గింపు కోసం చూపుకొనే పన్ను రసీదు అడిగారు. మాది ఒంటారియో చట్టం కింద నమోదైన లాభాపేక్ష లేని సంస్థే తప్ప రిజిస్టర్డ్ చారిటీ కాదని, రసీదు ఇచ్చే అధికారం మాకు లేదని చెబితే, "ఆ మాట చందా పుచ్చుకొనేటప్పుడే చెప్పవలసింది" అని ముఖం మీదే అన్నారు.

ఇంతలో రిజిస్ట్రేషన్ ఉన్న మరో సంస్థలోని మిత్రుడు ఒక దారి చూపించారు. డబ్బును వారి ఖాతాలో వేస్తే వారి నంబరు మీద రసీదులు ఇచ్చి, నూటికి 5 డాలర్లు ఉంచుకొని, మిగతాది మాకు తిరిగి ఇస్తారట. మా కార్యవర్గంలో చాలామందికి ఇది నచ్చింది కానీ నాకు మాత్రం మనసు ఒప్పడం లేదు. మన ఊళ్ళో అన్నదానం చేయాలంటే గాడిపొయ్యి తవ్వి గంగాళం ఎక్కిస్తే చాలు. ఇక్కడ నలుగురికి అన్నం పెట్టడానికి ఇన్ని కాగితాలు ఎందుకో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

పన్నులపంతులు
ఆ దారిలో అడుగు పెట్టకండి. రిజిస్టర్డ్ చారిటీ తన నంబరును ఇంకొకరికి అరువు ఇవ్వకూడదని కెనడా రెవెన్యూ ఏజెన్సీ నియమం. తప్పుడు వివరాలతో రసీదు ఇస్తే అందులో చూపిన మొత్తానికి 125 శాతం జరిమానా పడుతుంది, రిజిస్ట్రేషన్ కూడా పోవచ్చు. అది వారి తలనొప్పి అనుకున్నా, మీ దాతలకు వచ్చిన పన్ను తగ్గింపును రద్దు చేసి వడ్డీతో సహా వసూలు చేస్తారు కనుక మీరు మేలు చేయబోయి వారిని ఇరికించినట్టవుతుంది.

చాలామంది తెలుగువారు ఇక్కడ రెండు వేర్వేరు విషయాలను కలిపేస్తుంటారు. లాభాపేక్ష లేని సంస్థ అంటే తన ఆదాయం మీద పన్ను కట్టనక్కరలేని సంస్థ మాత్రమే. రిజిస్టర్డ్ చారిటీ అంటే రెవెన్యూ ఏజెన్సీ పరిశీలించి గుర్తించిన సంస్థ. దానికి తొమ్మిది అంకెల వ్యాపార సంఖ్య, దాని వెనుక ఆర్ఆర్ 0001 అన్న తోక ఉంటాయి. దేశంలో ఇటువంటివి 85 వేలకు పైమాటే. ఏ సంస్థ పేరైనా ఏజెన్సీ జాబితాలో ఎవరైనా వెతికి చూసుకోవచ్చు. చందా ఇచ్చే ముందు ఒక్క నిమిషం ఆ పని చేసి ఉంటే మీ ముగ్గురు దాతలకు ఈ కోపం వచ్చేది కాదు.

వేపపూత
పంతులు గారూ, ఉగాది భోజనానికి రెండు వందల మందికి పులిహోర కలిపిన మా చిన్నమామయ్య తన శ్రమకు రసీదు కావాలంటున్నారు. గంటకు ఎంత వేయమంటారు?

పన్నులపంతులు
సున్నా వేయండి. శ్రమ ఆస్తి కాదు కనుక దానికి రసీదు ఉండదు. రిజిస్టర్డ్ చారిటీ అయితే ఆయనకు కూలి చెల్లించి, ఆయన ఆ డబ్బును తిరిగి విరాళంగా ఇస్తే రసీదు ఇవ్వవచ్చు. అయితే ఆ కూలిని ఆయన ఆదాయంగా చూపాలి. ఆ సంగతి చెప్పగానే పులిహోర ఉచితమేనంటారు.

భోజనం టిక్కెట్ల సంగతీ అంతే. 60 డాలర్ల టిక్కెట్టుకు 35 డాలర్ల విలువైన భోజనం పెడితే, రసీదు మిగతా 25 డాలర్లకే. మీకు చారిటీ హోదా ఉన్నా 6,400 మొత్తానికి రసీదులు వచ్చేవి కావు.

కాల్గరీ_చలిపులి
ఎందుకింత బాధ? మీరే చారిటీగా నమోదు చేసుకోండి. దరఖాస్తుకు రుసుము లేదు, ఆన్‌లైన్‌లోనే పంపవచ్చు. ఒకసారి చేసుకుంటే ఏటా దాతలు వెతుక్కుంటూ వస్తారు. ఒంటారియోలో 500 డాలర్లు ఇచ్చినవారికి ఫెడరల్, ప్రావిన్సు తగ్గింపులు కలిపి 160 డాలర్ల దరిదాపుల్లో వెనక్కి వస్తుంది. 200 దాటిన భాగానికి ఫెడరల్ తగ్గింపే 29 శాతం. రసీదు లేని సంఘానికి జనం 20 డాలర్లు ఇస్తారు, రసీదు ఉన్న సంఘానికి 200 ఇస్తారు.

స్కార్‌బరో_శ్రీమతి
చలిపులి గారు దరఖాస్తుకు రుసుము లేదన్నారు, నిజమే. ఆ తరువాతి కథ నేను చెబుతాను, ఎందుకంటే ఒక చిన్న చారిటీకి నాలుగేళ్ళు కోశాధికారిగా ఉన్నాను.

మా తొలి దరఖాస్తులో సంస్థ ఆశయంగా "తెలుగు సంస్కృతిని, సమాజాన్ని అభివృద్ధి చేయుట" అని గొప్పగా రాశాము. తిరిగి వచ్చిన ఉత్తరంలో అడిగిన ప్రశ్నలు చదివాక, ఆ వాక్యానికి మాకే అర్థం తెలియదని తేలింది. చారిటీ ఆశయం నాలుగు గడుల్లో ఏదో ఒకదానిలో ఇమడాలి. పేదరిక నివారణ, విద్య, మతం, సమాజానికి మేలు చేసేవిగా న్యాయస్థానాలు గుర్తించిన ఇతర ప్రయోజనాలు. ఈ నాలుగు గడులు 1891లో బ్రిటన్‌లో వచ్చిన ఒక తీర్పులో గీసినవి. కెనడా నేటికీ వాటినే పట్టుకొని ఉంది. సభ్యుల వినోదం కోసం జరిపే సంక్రాంతి ముగ్గుల పోటీ వాటిలో ఎక్కడా ఇమడదు.

ఇక డైరెక్టర్లు. మా తొలి జాబితాలో అధ్యక్షుడు, ఆయన భార్య, ఆయన బావమరిది, నేను ఉన్నాము. డైరెక్టర్లలో సగం లేదా అంతకు మించి ఒకరికొకరు బంధువులైతే దానిని ప్రైవేటు ఫౌండేషన్‌గా లెక్కిస్తారు, నియమాలు మరింత బిగుస్తాయి. బావమరిదిని తప్పించడానికి మాకు మూడు సమావేశాలు, ఒక అలక పట్టాయి.

ఆ తరువాత ఏటా ఆర్థిక సంవత్సరం ముగిసిన ఆరు నెలల్లోపు టీ3010 అనే పత్రం దాఖలు చేయాలి. దానిలో చాలా భాగం ఎవరైనా చదువుకోవచ్చు. మరచిపోతే రిజిస్ట్రేషన్ రద్దు అవుతుంది. తిరిగి కావాలంటే 500 డాలర్ల జరిమానాతో మళ్ళీ మొదటి నుండి మొదలు. రద్దయిన సంస్థ తన వద్ద మిగిలిన ఆస్తిని అర్హత ఉన్న మరో చారిటీకి అప్పగించాలి, లేకపోతే అంత విలువను పన్నుగా కట్టాలి. పిల్లల పరీక్షలు, ఉద్యోగం, జూన్ నెలాఖరు, వీటి మధ్య ఆ పత్రంతో వంటింటి బల్ల దగ్గర కూర్చున్న రాత్రులు నాకు ఇంకా గుర్తున్నాయి. ఏడాదికి 6,000 డాలర్లు పోగుచేసే సంఘానికి ఇది చీమ నెత్తిన రోకలి.

ధర్మసూక్ష్మం
శ్రీమతి గారు చెప్పిన దానికి ఒక తీర్పును చేరుస్తాను. వలస వచ్చిన మహిళలకు ఉద్యోగాలు వెతుక్కోవడంలో తోడ్పడే వాంకూవర్ సంస్థ ఒకటి రిజిస్ట్రేషన్ కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1999లో ఓడిపోయింది. ఏడుగురు న్యాయమూర్తుల్లో నలుగురు కాదన్నారు, ముగ్గురు ఇవ్వవచ్చన్నారు. విద్య అనే మాటకు కోర్టు విశాలమైన అర్థమే చెప్పింది కానీ, సంస్థ ఆశయాల్లో కొన్ని మరీ వదులుగా ఉన్నాయని అభ్యంతరపెట్టింది. అంత పనికొచ్చే సంస్థకే ఆ గతి పట్టిందంటే, "సంస్కృతి అభివృద్ధి" అని రాసుకున్న మన సంఘాల సంగతి చెప్పనక్కరలేదు.

కృష్ణాతీరం_బ్రాంప్టన్
మా కార్యవర్గంలోనూ ఒక బావ, ఒక బావమరిది ఉన్నారు. ఈ చర్చను వారికి ఇంకా పంపలేదు. గుంటూరు పాఠశాల సంగతి ఎవరూ ఎత్తలేదు.

పన్నులపంతులు
దానిలో రెండు దేశాల చట్టాలు ఉన్నాయి. కెనడా వైపు చూస్తే, రిజిస్టర్డ్ చారిటీ విదేశాల్లో పని చేయాలంటే ఒకప్పుడు ఆ పని మొత్తం తన అదుపులోనే సాగుతున్నట్టు చూపించవలసి ఉండేది. 2022లో చట్టం మార్చి, చారిటీ హోదా లేని సంస్థలకు కూడా తగిన జాగ్రత్తలు, లెక్కలు ఉంటే నిధులు ఇవ్వవచ్చన్నారు. మీరు చారిటీ కాదు కనుక ఈ పేచీ మీకు లేదు.

మీకు ఉన్న పేచీ భారతదేశం వైపున ఉంది. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం ప్రకారం, విదేశీ సొమ్ము తీసుకొనే సంస్థకు దాని కింద రిజిస్ట్రేషన్ లేదా ముందస్తు అనుమతి ఉండాలి, ఆ సొమ్ము ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ఇందుకోసమే తెరిచిన ఖాతాలో పడాలి. మీ సంఘం కెనడా సంస్థ కనుక మీ సంఘం పంపేది విదేశీ సొమ్మే. అయితే భారత పాస్‌పోర్టు ఉన్న వ్యక్తి తన సొంత సంపాదనలో నుండి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. కెనడా పౌరసత్వం తీసుకొని ఓసీఐ కార్డు పెట్టుకున్నవారు పంపితే విదేశీ విరాళమే. కాబట్టి మీ సభ్యుల్లో పాస్‌పోర్టు మారనివారు ఎవరికి వారు నేరుగా పంపుకోవడం సులువైన మార్గం. దానికి కెనడాలో రసీదు మాత్రం ఆశించకండి.

నల్గొండ_నుండి_నయాగరా
రసీదుల గోల పక్కన పెట్టండి. అసలు ఈ ఫుడ్ బ్యాంకులకు ఇచ్చిన డబ్బు ఎటు పోతోంది? సగం జీతాలకే పోతుందని విన్నాను. అంతకన్నా డిక్సీ రోడ్డు గురుద్వారాలో లంగరుకు బియ్యం బస్తాలు దించి రావడం నయం. అక్కడ పేరు అడగరు, ఆదాయం అడగరు. కూర్చుంటే రొట్టె, పప్పు వడ్డిస్తారు.

స్కార్‌బరో_శ్రీమతి
లంగరు గొప్పదే, మా పిల్లలు కూడా అక్కడ వడ్డించారు. కానీ "విన్నాను" అనే మాటకు ఈ దేశంలో పని లేదు. మీరు అనుమానిస్తున్న సంస్థ టీ3010 తెరిచి చూడండి. మొత్తం ఆదాయం, ప్రభుత్వ నిధులు, నిర్వహణ ఖర్చు, అత్యధిక వేతనం తీసుకొనే పది ఉద్యోగాలు ఏ ఏ వేతన శ్రేణుల్లో ఉన్నాయో అన్నీ ఉంటాయి. నేను రాత్రుళ్ళు కూర్చొని నింపింది మీలాంటి వారు చదువుతారనే. ఆ జీతగాళ్ళలో లారీ నడిపేవారు, గిడ్డంగి చూసేవారు, శీతల గదులు కాపాడేవారు కూడా ఉంటారన్నది మరువకండి.

ఎడ్మంటన్_మామ్మ
నాకు అరవై ఎనిమిదేళ్ళు. మనవరాలిని బడికి పంపాక వారానికి రెండు పూటలు ఫుడ్ బ్యాంకు గిడ్డంగిలో పని చేస్తాను కనుక చూసిందే చెబుతాను. కెనడాలో మొదటి ఫుడ్ బ్యాంకు 1981లో మా ఊళ్ళోనే మొదలైంది. ఏదో కష్టకాలం గట్టెక్కేదాకా అని మొదలుపెట్టారట. ఆ కష్టకాలం ఇంకా గట్టెక్కలేదు. దేశమంతటా కలిపి 2019 మార్చి నెలలో దాదాపు 11 లక్షల సార్లు జనం ఫుడ్ బ్యాంకుల గుమ్మం తొక్కితే, 2024 మార్చిలో అది 20 లక్షలు దాటింది. తీసుకొనేవారిలో మూడోవంతు పిల్లలే.

పని ఎలా ఉంటుందంటే, సరుకు అంతా అరటిపండ్ల అట్టపెట్టెల్లో వస్తుంది. అడుగున చిల్లు ఉన్న పెట్టె అయితే ముందు దానికి అట్టముక్క పరవాలి, లేకపోతే డబ్బాలు జారి కాళ్ళ మీద పడతాయి. ఒక్కో డబ్బా తీసి, నొక్కుకుపోయిందా, అంచు ఉబ్బిందా చూసి, తేదీ చదవాలి. "ఆ తేదీలోపు శ్రేష్ఠం" అని ఉంటే తేదీ దాటినా చాలా డబ్బాలు వాడుకోవచ్చు. పసిపిల్లల పాలపొడి మాత్రం గడువు దాటితే తీసి పారేయవలసిందే. మొదటిరోజు నేను పాలపొడి డబ్బాను బీన్స్ వరుసలో పెట్టాను. పక్కన ఉన్న పద్దెనిమిదేళ్ళ పిల్ల ఏమీ అనకుండా తీసి పక్కకు పెట్టి, తేదీ ఉన్న చోట వేలితో చూపించింది. అప్పటినుండి కళ్ళజోడు లేకుండా వెళ్ళను.

ఇంట్లో వండిన పదార్థాలు తీసుకోరు. కృష్ణాతీరం గారూ, గంగాళం మోసుకొని వెళితే గుమ్మంలోనే ఆపుతారు. అవమానం అనుకోకండి, ఎవరికి ఏది పడదో తెలియక ఆ నియమం పెట్టుకున్నారు. మీ 3,200 డాలర్లతో డబ్బాలు కొని ఇవ్వకండి, డబ్బే ఇవ్వండి. వారు టోకున కొంటారు కనుక మీరు కొట్లో కొన్నదానికన్నా ఎక్కువ సరుకు వస్తుంది.

ఒకప్పటి_విద్యార్థి
నేను అవతలి వైపు నిలబడ్డవాడిని. 2023 జనవరిలో విండ్సర్‌కు చదువుకు వచ్చాను. అప్పట్లో వీసాకు ఖర్చుల కింద 10,000 డాలర్లు చూపిస్తే సరిపోయేది. బేస్‌మెంట్ గదికి ముందస్తు అద్దె, బస్సు పాసు, చలికోటు కొనేసరికి అవి కరిగిపోయాయి. పార్ట్‌టైమ్ పని దొరకడానికి నాలుగు నెలలు పట్టింది. మార్చిలో కాలేజీ ఫుడ్ బ్యాంకుకు వెళ్ళాను. పాస్తా, వేరుశనగ వెన్న, శనగల డబ్బాలు ఇచ్చారు. సంచి మీద సంస్థ పేరు ఉంటే దానిని లోపలికి తిప్పి పట్టుకొని బస్సు ఎక్కాను. ఆ రాత్రి శనగలకు అమ్మ పంపిన ఆవకాయ కలిపి తిన్నాను, ఇంటికి ఫోన్ చేసినప్పుడు పప్పు వండుకున్నానని చెప్పాను.

2024 జనవరి నుండి చూపవలసిన మొత్తాన్ని 20,635 డాలర్లకు పెంచారు, తరువాత మళ్ళీ పెంచారు. అది చూసి కొన్ని ఫుడ్ బ్యాంకులు విదేశీ విద్యార్థులకు ఇవ్వబోమని బోర్డులు పెట్టాయి. వారి అరలు ఖాళీ అవుతున్నాయన్నది నిజం. ఆకలి వేసినవాడు గుమ్మం దగ్గర వీసా కాగితం చూపించవలసి రావడం కూడా నిజం.

నల్గొండ_నుండి_నయాగరా
తమ్ముడూ, నీ కష్టాన్ని కాదనను. కానీ "ఉచితంగా నెల సరుకులు తెచ్చుకోవడం ఎలా" అని వీడియోలు పెట్టి నవ్విన కుర్రాళ్ళు మనవాళ్ళలోనూ ఉన్నారు. వారి వల్లనే ఆ బోర్డులు వచ్చాయి.

ఒకప్పటి_విద్యార్థి
అన్నా, వీడియో పెట్టినవాడు కనబడతాడు. సంచిని లోపలికి తిప్పి పట్టుకున్నవాడు ఎవరికీ కనబడడు.

గోంగూర_హాలిఫాక్స్
విద్యార్థులకు ఇంకో గోడ కూడా ఉంది. కొత్తగా వచ్చినవారికి ఉద్యోగం, భాష, ఇల్లు వంటివాటిలో సాయపడే సెటిల్‌మెంట్ సంస్థల్లో చాలావాటికి ఫెడరల్ ఇమ్మిగ్రేషన్ శాఖ నిధులు వస్తాయి. ఆ నిధులతో నడిచే సేవలు శాశ్వత నివాసులకు, శరణార్థులకే తప్ప విద్యార్థులకు, వర్క్ పర్మిట్ మీద ఉన్నవారికి సాధారణంగా అందవు. వారు 211కు ఫోన్ చేయాలి. అది 2002లో టొరంటోలో మొదలై 2020 నాటికి దేశమంతటికీ వచ్చింది. చుట్టుపక్కల ఏ సంస్థ ఎవరికి ఏ సాయం చేస్తుందో చెబుతారు. మన సంఘాలు వాట్సాప్ గుంపుల్లో సినిమా టిక్కెట్ల బేరాల మధ్య ఆ మూడు అంకెలు కూడా పెడితే బాగుండును.

పన్నులపంతులు
నా వంతుగా ఒకటి. 1971 నుండి నడుస్తున్న ఉచిత పన్ను శిబిరాల కార్యక్రమం ఉంది. తక్కువ ఆదాయం, చిక్కులు లేని లెక్కలు ఉన్నవారికి స్థానిక సంస్థల్లో వాలంటీర్లు పన్ను దాఖలు చేసి పెడతారు. ప్రతి మార్చిలో నేను రెండు శనివారాలు కూర్చుంటాను. ఆదాయమే లేదు కదా, దాఖలు ఎందుకని అడిగే విద్యార్థులు ఎందరో. దాఖలు చేయకపోతే తక్కువ ఆదాయం ఉన్నవారికి ప్రభుత్వం ఇచ్చే జీఎస్టీ క్రెడిట్ సొమ్ము రాదు. లెక్కలు తెలిసిన తెలుగువారు ఇంతమంది ఉన్నారు, ఆ బల్ల దగ్గర మాత్రం నాకు తెలుగు మాట ఇప్పటికి రెండుసార్లే వినిపించింది.

వేపపూత
మనవాళ్ళు సేవకు రారనకండి. ఒంటారియోలో హైస్కూలు పట్టా చేతికి రావాలంటే 40 గంటలు సమాజసేవ చేయాలి కదా. ముప్ఫై తొమ్మిదో గంట దాకా మా వీధి పిల్లలందరూ మహాత్ములే.

స్కార్‌బరో_శ్రీమతి
నలభై గంటల పిల్లలను వెక్కిరించకండి, వారిలో ఒకరిద్దరు ఎప్పుడూ మిగిలిపోతారు. నా ఫిర్యాదు పెద్దల మీద. డిసెంబరులో అందరూ వస్తారు, ఫొటో దిగుతారు. పనే లేక వెనక్కి పంపుతారు. ఫిబ్రవరిలో, జూలైలో మనిషి దొరకడు.

కాల్గరీ_చలిపులి
నమోదు చేసుకోమన్న నా సలహాను వెనక్కి తీసుకుంటున్నాను, పూర్తిగా కాదు. మూడు నాలుగు ఊళ్ళ సంఘాలు కలిసి ఒక్క చారిటీ పెట్టుకుంటే మోయగలరు. నలభై కుటుంబాలకు మాత్రం వద్దు.

పన్నులపంతులు
దానికి నాకు అభ్యంతరం లేదు. అప్పటిదాకా సక్రమమైన దారి ఇదీ. ఫుడ్ బ్యాంకుతో మాట్లాడి మీ సంఘం పేరున ఒక విరాళాల పేజీ తెరిపించుకోండి, చాలా సంస్థలు సంతోషంగా ఇస్తాయి. దాతలు ఆ పేజీలో నేరుగా చెల్లిస్తే రసీదు ఆ సంస్థే వారి పేరున పంపుతుంది. డబ్బు మీ ఖాతాలో పడి, అక్కడి నుండి మీరు చెక్కు ఇస్తే దాత మీ సంఘమే అవుతుంది, ఆ రసీదు మీ ముగ్గురికీ పనికిరాదు.

కృష్ణాతీరం_బ్రాంప్టన్
నిన్న రాత్రి కార్యవర్గం కూర్చుంది. నంబరు అరువు ఇస్తానన్న మిత్రుడికి వద్దని చెప్పాము, కొంచెం నొచ్చుకున్నారు. ముగ్గురు దాతలకూ 500 చొప్పున తిరిగి ఇస్తామన్నాము. ఇద్దరు తీసుకొని ఫుడ్ బ్యాంకు పేజీలో నేరుగా కట్టి రసీదు తెచ్చుకున్నారు, అందులో ఒకరు 600 కట్టారు. మూడోవారు "రసీదు వద్దు, మాట ముందే చెప్పడం నేర్చుకోండి" అన్నారు. ఇకమీద చందా పుస్తకం మొదటి పేజీలోనే "పన్ను రసీదు ఇవ్వబడదు" అని ముద్రిస్తున్నాము. మిగిలిన 5,400 మొత్తం ఫుడ్ బ్యాంకుకే చెక్కు రాస్తున్నాము. పాఠశాలకు భారత పాస్‌పోర్టు ఉన్న పదకొండు మంది తమ సొంత డబ్బు ఎవరికి వారే పంపుతామన్నారు.

ఫుడ్ బ్యాంకులో పనికి కూడా పేర్లు ఇచ్చాము. డిసెంబరు నిండిపోయిందని చెప్పి, ఫిబ్రవరిలో నాలుగు శనివారాలు ఇచ్చారు. స్కార్‌బరో శ్రీమతి గారు నవ్వుకుంటారని తెలుసు. పద్నాలుగు మంది ఒప్పుకున్నారు, బావ, బావమరిది కూడా ఉన్నారు.

ఎడ్మంటన్_మామ్మ
సరుకు దించేటప్పుడు గిడ్డంగి తలుపు ఎత్తే ఉంచుతారు నాయనా, ఫిబ్రవరి గాలి నేరుగా బల్ల మీదికే వస్తుంది. వేళ్ళు తెగిన చేతితొడుగులు కొనుక్కోండి, మామూలు తొడుగులతో తేదీ ఉన్న కాగితం తిప్పలేరు.